అన్న పేరు మీద ఓడెక్కినవాడు

గల్ఫ్ రేవు బయట, లంగరు మీద
అక్టోబరు 9, గురువారం

నా అన్నకు,

అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి, వదిన ఎలా ఉంది, పిల్లలు ఎలా చదువుతున్నారు, అన్నీ అడగాలని ఉంది. అవి తర్వాత అడుగుతాను. ముందు ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువు. పంచలో కూర్చుని చదవొద్దు, ఎవరన్నా వచ్చి పక్కన కూర్చుంటారు.

వారానికోసారి మాకు మంచినీళ్ళూ బియ్యమూ పడవ మీద తెచ్చే సేవాసంఘం పెద్దాయన ఒకాయన ఉన్నాడు. కాగితం మీద రాసిస్తే ఫోటో తీసి నీ ఫోనుకు పంపుతానన్నాడు. ఆయనకు తెలుగు రాదు, అదొక్కటే నాకు ధైర్యం. ఆయన ఫోనులో మాట్లాడటానికి మనిషికి మూడు నిమిషాలు, చుట్టూ పదిమంది నిలబడి ఉంటారు. మొన్న నీతో "బాగానే ఉన్నాను, తిండికి లోటు లేదు" అన్నది అందుకే. అసలు సంగతి అక్కడ చెప్పేది కాదు.

మా ఓడ ఇక్కడ ఆగిపోయి ఐదు నెలలైంది. ఓనరు ఫోను ఎత్తడం మానేశాడు. రేవు వాళ్ళు ఓడను కదలనివ్వరు, మమ్మల్ని దిగనివ్వరు. ఆగిన మొదటి వారంలోనే ఏజెంటు వచ్చి, వీసాలు పొడిగించాలని పద్నాలుగు మంది పాస్‌పోర్టులూ సీడీసీలూ సంచిలో వేసుకుని పోయాడు. ఇప్పుడు వాడి ఆఫీసుకు తాళం. ఆ సంచి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మా దగ్గర మిగిలినవి జిరాక్సులు మాత్రమే.

సీడీసీ అంటే నీకు చూపించాను కదా, ఓడ మీద పనిచేసేవాడికి సర్కారు ఇచ్చే పుస్తకం. ఏ ఓడ ఎక్కాడు, ఎప్పుడు దిగాడు, అన్నీ అందులో ముద్రలు పడతాయి. నేను మొదటిసారి ఎక్కిన ఓడలో ఒక ముసలి బోసన్ ఉండేవాడు, డెక్కు పనివాళ్ళకు మేస్త్రీ లాంటివాడు. ఆయన తన సీడీసీని పాలిథిన్ కవరులో చుట్టి, నడుముకు గుడ్డతో కట్టుకుని పడుకునేవాడు. ఒకసారి నిజంగానే ఇంజన్ రూములో పొగ వచ్చి సైరన్ మోగితే, లైఫ్ జాకెట్ మర్చిపోయి ఆ కవరు పట్టుకుని పైకి పరుగెత్తుకొచ్చాడు. మేమంతా నవ్వాం. ఇప్పుడు ఆయన గుర్తొస్తే నవ్వు రావడం లేదు.

పది రోజుల కిందట మా వంటమనిషి సుహైల్‌కి గుండెల్లో నొప్పి వచ్చింది. వినుకొండ వాడే, నాకంటే ఐదేళ్ళు పెద్ద. పడవ పిలిపించి నేనూ ఇంకో ఇద్దరూ రేవు గేటు దాకా తీసుకెళ్ళాం. గేటులో షోర్ పాస్ అడిగారు, అంటే నేల మీద కాలు పెట్టనిచ్చే చీటీ. పాస్‌పోర్టు ఉంటేనే ఆ చీటీ ఇస్తారు. సుహైల్ గోడకు ఆనుకుని చెమటలు కక్కుతున్నాడు. గార్డు చెడ్డవాడు కాదు, కుర్చీ వేశాడు, నీళ్ళిచ్చాడు. కానీ గేటు తీయలేదు. రెండు గంటల తర్వాత ఒక డాక్టరును గేటు దగ్గరకే పిలిపించి సూది వేయించి, అదే పడవలో తిరిగి పంపేశారు. వాడు బతికాడు. కానీ ఆ కుర్చీ నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. రేపు అందులో కూర్చునేది నేనైతే ఏ పేరు చెప్పాలి అన్నా?

నిన్న మన కాన్సులేటు నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. అందరికీ ఇంటికి చేరడానికి పనికొచ్చే ఒక కాగితం ఇస్తారట, ఒక్క ప్రయాణానికి. కానీ దానికి ముందు ప్రతివాడి ఊరికీ పోలీసులు వెళ్ళి, ఈ మనిషి మీవాడేనా అని అడిగి రాస్తారట. నా జిరాక్సు తీసుకుంది. "కోటిబాబు, తండ్రి రోశయ్య, గురజాల మండలం" అని చదివి, నా ముఖం చూసి, టిక్కు పెట్టుకుంది. అప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు.

నీకు తెలిసినవే రాస్తాను, విసుక్కోకు. ఇన్నేళ్ళలో మనం ఒక్కసారి కూడా దీని గురించి మాట్లాడుకోలేదు.

ఓడ పని ట్రైనింగుకు సీటు వచ్చింది నీకు, రెండువేల పదిలో. లెక్కల్లో, ఇంగ్లీషులో మార్కులు తెచ్చుకున్నది నువ్వు. విశాఖపట్నం పోయి మెడికల్ పరీక్ష కూడా పాసై వచ్చావు. దాచేపల్లి క్వారీలో నాపరాళ్ళు మోసే నాన్న, "మావోడు షిప్పెక్కుతుండాడు" అని ప్రతి లారీ డ్రైవరుకూ చెప్పుకున్నాడు. నువ్వు బయల్దేరడానికి మూడు వారాల ముందు, లారీకి ఎక్కిస్తున్న బండ జారి నీ ఎడమ చేతి మీద పడింది. రెండు వేళ్ళు పోయాయి. కట్టు విప్పాక నువ్వు గురజాల వెళ్ళి ట్రైనింగు వాళ్ళకు ఫోను చేసి వచ్చి, "వేళ్ళు లేనోడు పనికిరాడంట" అన్నావు. నాన్న రెండు రోజులు క్వారీకి పోలేదు. మూడో రోజు నన్ను పిలిచాడు.

"ఒరేయ్ బ్రెమ్మం, కాయితాలుండయ్, సీటుంది. మొకం ఒక్కటే తేడా. నువ్వు పో."

నేను పదో తరగతి రెండుసార్లు తప్పినవాణ్ణి. నువ్వు గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నావు. నీ వీపు వైపే చూస్తూ నిలబడ్డాను. "పోరా" అన్నావు, తిరగకుండానే. అంతే. నీ సర్టిఫికెట్టు, నీ పుట్టిన తేదీ, నీ పేరు, నా ఫోటో.

పాస్‌పోర్టు ఎంక్వైరీకి కానిస్టేబులు ఇంటికి వచ్చిన రోజు నీకు గుర్తుందా? "కోటిబాబు ఎవరయ్యా?" అంటే నేను లేచాను. నువ్వు గేదెకు గడ్డి వేస్తున్నావు. "మరి ఇతనెవరు?" అన్నాడు. "మా తమ్ముడు సార్, నాగబ్రహ్మం" అన్నాను. నాకంటే రెండేళ్ళు పెద్దవాడివి, నీ ముందే నిన్ను తమ్ముణ్ణి చేశాను. నువ్వు తలెత్తలేదు.

అప్పటి నుంచి ఓడ మీద నేను కోటిని. ఇంట్లో బ్రహ్మాన్ని. పెళ్ళయిన దగ్గర్నుంచి తిరుపతమ్మ నన్ను "ఏమయ్యా" అని పిలుస్తుంది కాబట్టి ఫోన్లలో ఎప్పుడూ దొరికిపోలేదు. పెళ్ళి సర్టిఫికెట్టులో, మన పాప యశస్విని బడి కాగితాల్లో, ఆధార్‌లో నేను నాగబ్రహ్మం. రేవు రేవుకీ ఇమ్మిగ్రేషన్ వాళ్ళు ఓడ ఎక్కుతారు. మమ్మల్ని వరసగా నిలబెట్టి, పాస్‌పోర్టులో ఫోటోనీ ముఖాన్నీ కలిపి చూస్తారు. ఫోటో నాదే, ముఖం నాదే. అయినా "కోటిబాబు" అని పిలిచి వాడు తలెత్తే ఆ ఒక్క క్షణం, పద్నాలుగేళ్ళుగా, ఏ రేవులోనూ నా గుండె సరిగ్గా కొట్టుకోలేదు.

ఇప్పుడు నిన్ను అడగాల్సింది అడుగుతాను. పోలీసులు ఇంటికి వస్తారు. నువ్వు ఇంట్లో ఉండొద్దు. మాచర్లలో అత్తయ్య వాళ్ళింటికి వెళ్ళి ఓ వారం ఉండు. తిరుపతమ్మను నరసరావుపేట నుంచి వచ్చి మన ఇంట్లో ఉండమని తనకూ ఒక కాగితం రాసి పంపుతున్నాను. ఫోటో చూపిస్తే "మా ఆయన కోటిబాబు" అని తనే చెప్తుంది. అమ్మకు ఏమీ చెప్పొద్దు, చెవులు సరిగ్గా వినపడవంటే సరిపోతుంది. నీ ఇంట్లోంచి నిన్నే పొమ్మంటున్నాను. ఇంతకంటే దారి కనపడలేదు.

ఇంకొకటి ఉంది. ఇది రాయకుండా ఆ మాట అడిగే హక్కు నాకు లేదు. ఆరేళ్ళ కిందట వికలాంగుల కోటాలో కరెంటు సబ్‌స్టేషన్ ఉద్యోగం పడిందని నువ్వు ఫోను చేశావు. పదో తరగతి ఒరిజినల్ కావాలన్నావు. ముంబై కంపెనీ ఆఫీసులో ఉంది, ఇవ్వరు అన్నాను. అబద్ధం అన్నా. అది నరసరావుపేట ఇంట్లో, తిరుపతమ్మ చీరల బీరువా కింది అరలో ఉంది. నువ్వు ఆ పేరుతో సర్కారు ఉద్యోగంలో చేరితే, ఎక్కడో ఒక కంప్యూటర్లో ఇద్దరు కోటిబాబులు పక్కపక్కన కనపడతారని భయపడ్డాను. నువ్వు "సర్లేరా" అని ఫోను పెట్టేశావు. ఆ తర్వాత గురజాలలో పంచర్ల షాపు పెట్టావు. ఆ మూడు వేళ్ళ చేత్తో లారీ టైరు విప్పుతుంటే చూశాను, సెలవుకు వచ్చినప్పుడు. టీ తాగి వెళ్ళిపోయాను.

నన్ను ఏమైనా అను. కానీ మాచర్ల వెళ్ళు.

నీ ముందు చిన్నవాడినై,
బ్రహ్మం


గురజాల
అక్టోబరు 23

ఒరేయ్ బ్రహ్మం,

నువ్వు రాసిన కాగితం ఫోనులో వేళ్ళతో పెద్దది చేసుకుంటూ షాపు వెనక కూర్చుని మూడుసార్లు చదివాను. అదే పెద్దాయన ఫోనుకు దీన్ని పంపుతున్నాను. ముందే ఒక మాట చెప్తాను, ఇది చదువుతూ నువ్వు నన్ను తిట్టుకుంటావు. తిట్టుకో. కానీ చివరి దాకా చదువు.

నువ్వు చెప్పినట్టే సంచి సర్దుకుని మాచర్ల బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చున్నాను. కండక్టరు వచ్చి "యాడికన్నా?" అన్నాడు. మాచర్ల అనడానికి నోరు తెరిచాను, రాలేదు. నీ ఉత్తరంలో గేటు దగ్గర కుర్చీ ఉంది చూడు, అది నా ముందుకొచ్చింది. అందులో నువ్వు కూర్చుని చెమటలు కక్కుతున్నావు, వాళ్ళేమో పుస్తకంలో కోటిబాబు అని రాసుకుంటున్నారు. నీకేదన్నా జరిగితే ఫోను ఎవరు చచ్చిపోయారని వస్తుంది? నేను. బతికుండి, నా చావు కబురు నేనే వినాలి. తిరుపతమ్మ నా మొగుడని ఏడుస్తూ పోతే, ఆమె పెళ్ళి కాగితంలో ఉన్న మనిషి అసలు ఓడే ఎక్కలేదంటారు. నిన్ను ఎవరికి అప్పగిస్తారు? కండక్టరు "టికెట్ తీసుకుంటావా దిగుతావా?" అన్నాడు. దిగాను.

పోలీసులు మర్నాడు పొద్దున పదింటికి వచ్చారు. హెడ్ కానిస్టేబులు వెంకటప్పయ్య అని, నెమ్మదస్తుడే. ఫోనులో నీ ఫోటో తీసి "ఈ కోటిబాబు ఏమవుతాడమ్మా?" అన్నాడు. తిరుపతమ్మ నువ్వు నేర్పినట్టే "మా ఆయనండి" అంది. నేను దొడ్లోంచి వచ్చి ఆయన ముందు నిలబడ్డాను.

"కోటిబాబుని నేనండి."

ఆయన నన్ను చూశాడు, ఫోను చూశాడు, తిరుపతమ్మను చూశాడు. "ఏందయ్యా నువ్వనేది? ఈయమ్మేమో..."

"ఆమెకు మా తమ్ముడు అట్టా చెప్పమన్నాడండి. ఫోటోలో ఉండేది మా తమ్ముడు, నాగబ్రహ్మం. షిప్పెక్కింది వాడు. పేరు నాది."

"తెలిసే మాట్లాడుతుండావా? నేనిది రాస్తే నీ మీద కూడా కేసవుద్ది."

"తెలుసండి. రాసుకోండి."

అమ్మకు అంతా వినపడింది. మంచం మీద నుంచే, "ఇద్దరూ నా కడుపున పుట్టినోళ్ళేనయ్యా. మీకు ఏ పేరు కావాలంటే అది రాసుకోండి, వాణ్ణి మాత్రం తెచ్చిపెట్టండి" అంది. ఆయన టోపీ తీసి పక్కన పెట్టి, కాగితం అడిగాడు.

వాళ్ళు వెళ్ళగానే తిరుపతమ్మ నా మీదకు వచ్చింది. "ఆయన్ని అక్కడే చంపేద్దామనుకుంటున్నారా బావగారూ? నోరు మూసుకుని ఉంటే వచ్చేసేవాడు కదా!" అని తల బాదుకుంది. ఆ సాయంత్రమే నరసరావుపేట వెళ్ళిపోయింది. రెండు రోజులు ఫోను ఎత్తలేదు. మూడో రోజు మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా షాపుకు వచ్చింది. చేతిలో కవరు. నీ ఆధారు, పెళ్ళి సర్టిఫికెట్టు, పిల్ల బడి కాగితాలు, బీరువా కింది అరలో ఉన్న నా పదో తరగతి సర్టిఫికెట్టు. "ఇవన్నీ ఎవరికి చూపియ్యాలో చూపియ్యండి. ఇంకోసారి అబద్ధం చెప్పమంటే నా వల్ల కాదు. ఆ పోలీసాయన ముందు నా కాళ్ళు ఎట్టా వణికినయ్యో మీకు తెలవదు" అంది. ఇద్దరం కలిసి గురజాల కోర్టు దగ్గర ఫణీంద్ర అనే వకీలును కలిశాం. జరిగింది జరిగినట్టు రాయించాడు. ఆ కాగితాలన్నీ స్టేషన్లో ఇచ్చాం, కాన్సులేటుకూ మెయిలు పెట్టించాం. కేసు తప్పదట. మనంతట మనం చెప్పాం కాబట్టి జడ్జి ఎలా చూస్తాడో ఆయన ఇష్టం అన్నాడు వకీలు. నాకు భయంగానే ఉంది. దాచను.

ఇప్పుడు అసలు సంగతి. నువ్వు సర్టిఫికెట్టు గురించి రాశావు కాబట్టి నేనూ రాస్తాను. లేకపోతే నాతోనే పోయేది.

ఆ రోజు గురజాల ఎస్టీడీ బూతులో ట్రైనింగు వాళ్ళు నాకు చెప్పింది వేరు. "ఎడమ చెయ్యే కదా, రెండు వేళ్ళే కదా, మానాక రా, డాక్టరు మళ్ళీ చూస్తాడు, అప్పటిదాకా సీటు ఉంచుతాం" అన్నారు. నేను సరేనండి అని ఫోను పెట్టేసి, ఇంటికొచ్చి పనికిరాడన్నారని చెప్పాను.

మెడికల్‌కి విశాఖ వెళ్ళినప్పుడు మమ్మల్ని ఒక కొలను దగ్గరకు తీసుకెళ్ళారు. పైన చెక్క మీద నుంచి నీళ్ళలోకి దూకి చూపించమన్నారు. అందరూ దూకారు. నేను నిచ్చెన పట్టుకుని అక్కడే వేలాడాను. దూకడం ట్రైనింగులో నేర్పుతాంలే అని నవ్వి పంపేశారు. తర్వాత రేవు చూపించారు. ఆ నీళ్ళకు అవతలి గట్టు లేదు బ్రహ్మం. ఊరికి వచ్చిన దగ్గర్నుంచి పడుకుంటే అదే. నాన్న లారీ వాళ్ళకు చెప్పుకుంటుంటే నేను అక్కణ్ణుంచి లేచి పోయేవాణ్ణి. బండ చేతి మీద పడినప్పుడు నొప్పితో అరుస్తూనే, ఇంక వెళ్ళక్కర్లేదు అనుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు. మీ వదినకు కూడా.

నాన్న నిన్ను పొమ్మంటాడని నేననుకోలేదు. అన్నప్పుడు, లేచి నిజం చెప్పడానికి నాకు ఒక్క నిమిషం చాలు. గోడ వైపు తిరిగి పడుకున్నది ఏడుస్తున్నానని కదా మీరనుకున్నారు. మీ ముఖాలు చూడలేక పడుకున్నాను. నాకు భయమైన చోటికి నా తమ్ముణ్ణి, నా పేరు తగిలించి పంపాను. పైగా ఇన్నేళ్ళు నువ్వు సెలవుకు వచ్చి నా చెయ్యి చూసి తల దించుకుంటుంటే, ఊరుకున్నాను.

సర్టిఫికెట్టు ముంబైలో ఉందంటే నమ్మాను. అది అబద్ధమని నీ ఉత్తరం చూశాకే తెలిసింది. కోపం వచ్చింది, ఇంకా ఉంది. ఆ ఉద్యోగం వచ్చి ఉంటే మీ వదిన మిరప కోతలకు వెళ్ళేది కాదు. నువ్వు చేసింది దీంతో చెల్లిపోయిందని నేను రాయను. నేను చేసింది చెల్లిందని నువ్వూ అనొద్దు. నువ్వు ఇంటికి రా, అప్పుడు మాట్లాడుకుందాం. నీ పేరుతో రా.

మీ అన్న,
కోటిబాబు


నావికుల సత్రం, రెండో అంతస్తు
నవంబరు 27

అన్నకు,

ఈ ఉత్తరం నేల మీద కూర్చుని రాస్తున్నాను. మంచం కదలకపోతే నిద్ర పట్టడం లేదు, చూడు నా గతి.

నీ ఉత్తరం అందిన రోజు మొదట చదివింది పోలీసుల సంగతి. అక్కడే ఆపేసి ఇంజన్ రూములోకి దిగి కూర్చున్నాను. కరెంటు లేదు, యంత్రాలు చల్లబడి ఐదు నెలలు. నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను, పైకే. ఇక్కడే కుళ్ళిపోతాను, వీడు పంచలో కూర్చుని నిజాయితీపరుడు అనిపించుకుంటాడు అనుకున్నాను. మిగతాది రెండో రోజు చదివాను. నిచ్చెన పట్టుకుని వేలాడావని చదివి, నమ్మవు, నవ్వొచ్చింది. ఆ చెక్క మీద నుంచి నన్ను వెనక నుంచి ఎవడో తోశాడన్నా. నేనూ దూకలేదు. ఆ తర్వాత ఏడుపొచ్చింది. నీ జీవితాన్ని ఎత్తుకొచ్చానని ఇన్నేళ్ళు దొంగలా బతికాను. నీకు అక్కర్లేనిదాన్ని మోశానని తెలిసి తేలికపడ్డానా, ఇంకా బరువెక్కానా, ఇప్పటికీ తెలియడం లేదు.

ఆ తర్వాత వారం ఆఫీసరమ్మ మళ్ళీ వచ్చింది. అందరినీ డెక్కు మీద నిలబెట్టి కాగితాలు పంచింది. పదమూడు మందికి ఇచ్చి నా దగ్గర ఆగింది. నీ పేరేమిటి అంది. అలవాటు కొద్దీ "కోటిబాబు" అన్నాను. ఆమె పెన్ను మూత పెట్టి, మళ్ళీ అడిగింది. అప్పుడు చెప్పాను. కెప్టెను నోరు తెరిచి చూశాడు. సుహైల్ నా భుజం పట్టుకుని తెలుగులో, "ఏందిరా ఇది? సంవత్సరం నా చేతి అన్నం తిని పేరు కూడా నిజం చెప్పలేదా? మరి ఇప్పుడేమని పిలవాల నిన్ను?" అన్నాడు. చెప్పాను. రెండుసార్లు అనుకుని చూసుకుని, "చానా పెద్దగుంది, బ్రహ్మం అంటాలే" అన్నాడు.

నీ కాగితాలన్నీ ఆమె దగ్గర ఉన్నాయి. ఇంకా ఢిల్లీ నుంచి జవాబు రావాలి, ఇంత గొడవ ఉన్నవాడికి వెంటనే ఇవ్వలేం అంది. ఆ శుక్రవారం పడవలో పదమూడు మందీ వెళ్ళిపోయారు. సుహైల్ గేటు దాటి నేరుగా ఆసుపత్రికి, అక్కణ్ణుంచి విమానానికి. పడవ దూరమయ్యేదాకా చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఓడ మీద నేనూ, రేవు వాళ్ళు పెట్టిన ఇద్దరు కాపలావాళ్ళూ మిగిలాం. వాళ్ళ భాష నాకు రాదు, నా భాష వాళ్ళకు రాదు. పంతొమ్మిది రోజులు. జవాబు రాదేమో, వచ్చినా నేను ఎవరినీ కానని వస్తుందేమో, అప్పుడు ఈ ఓడను పాత ఇనుముకు అమ్మితే నన్ను ఎక్కడ దింపుతారో అని రోజంతా అదే ఆలోచన. పిచ్చి పట్టకుండా ఉండటానికి ఇంజన్ రూములో ప్రతి వాల్వూ విప్పి తుడిచి మళ్ళీ బిగించాను. ఎవరికోసమో తెలియదు. చెయ్యి ఊరుకోలేదు.

నిన్న కాగితం వచ్చింది. పల్చటిది, నా ఫోటో, కింద నాగబ్రహ్మం, తండ్రి రోశయ్య. సంతకం చెయ్యమంది. పెన్ను పట్టుకుని ఆగిపోయాను. నా పేరు ఇంగ్లీషులో రాసి పద్నాలుగేళ్ళు దాటింది. అక్షరాలు వరసగా గుర్తు రాలేదు. ఆధార్ జిరాక్సు అడిగి, పక్కన పెట్టుకుని, బడిపిల్లాడిలా చూసి రాశాను. ఆమె తొందరపెట్టలేదు. ఆ కాగితం చూపించాకే గేటు తీసి నన్ను ఈ సత్రానికి పంపారు.

సముద్రం అయిపోయింది, అది కూడా చెప్పింది. సీడీసీ దొరికినా రద్దు చేస్తారట. ఆ పుస్తకంలో సర్వీసు అంతా కోటిబాబుది. నాగబ్రహ్మం ఒక్క రోజు కూడా ఓడ ఎక్కలేదు, లెక్క ప్రకారం. నాకు వచ్చిన పని ఇదొక్కటే. ఊళ్ళో ఏం చెయ్యాలో నాకు తెలియదు. తిరుపతమ్మకు ఈ మాట మెల్లగా చెప్పు. లేదు, వద్దు, నేనే చెప్తాను. ఆమె వణికిన సంగతి చదివాక ఆమెకు నా తరఫున ఎవరూ ఏమీ చెప్పొద్దనిపిస్తోంది.

విమానం శనివారం. పొద్దున ఆరింటికి హైదరాబాదులో దిగుతుంది. దిగగానే నన్ను పక్కకు తీసుకెళ్తారని ఆఫీసరమ్మ ముందే చెప్పింది. ఎన్ని గంటలు అడుగుతారో, గురజాల స్టేషనుకు అప్పగిస్తారో, అక్కడే ఉంచేస్తారో ఆమెకూ తెలియదు. నా ఫోను పని చేయదు. పిల్లను తీసుకురావొద్దు. అమ్మకు శనివారం అని చెప్పొద్దు, ఆదివారం అని చెప్పు.

నువ్వు మాత్రం రా. మనుషులు బయటికొచ్చే తలుపు దగ్గర, అందరికీ ముందు నిలబడు. మధ్యాహ్నమైనా, సాయంత్రమైనా, లోపల ఎవరూ లేరని గార్డు చెప్పినా, అక్కణ్ణుంచి కదలకు.

నీ తమ్ముడు,
నాగబ్రహ్మం